వడ్డేపల్లి కట్ట మీద పిట్టల పంచాయితీ

మొన్న సార్ సంవత్సరీకానికి హన్మకొండ పోయిన. భోజనాలు అయినంక ఆంటీ నన్ను లోపలి గదిలకు పిలిచి మంచం కింది రేకుపెట్టె గుంజి చూపెట్టింది. "గివన్నీ మీ పిట్టల కథలే బిడ్డా, నాకేం సమజైతయి, తీస్కపో" అన్నది. మూత తీయంగనే నాఫ్తలీన్ గోలీల వాసన గుప్పున కొట్టింది, దాని వెనకనే పాత తోలు వాసన. సార్ రష్యన్ బైనాక్యులర్ కేసుది అది, లోపలి మఖమల్ గుడ్డకు బూజు పట్టింది, బెల్టు తెగిన కాడ సార్ కట్టిన సుతిల్ తాడు అట్లనే ఉంది. దాని కింద లాంగ్ నోట్‌బుక్కులు. అట్టలు ఊడిపోయినయి, పురికొసతోని కట్టలు కట్టి పెట్టిండు.

ఒకటి తెరిస్తే నా రాతనే. పైన చెరువు పేరు, మబ్బా ఎండనా, గాలి ఎటు దిక్కు. నడుమ పిట్ట గురించి ఆరేడు లైన్లు. కుడిపక్క మార్జిన్ల ఎర్ర బాల్‌పెన్నుతోని "ఒప్పుకోను" అని, కింద రైల్వే అన్న సంతకం. దాని కింద నీలి ఇంకుతోని సార్ రాత, "కారణం రాయలేదు. కారణం లేని అసమ్మతి చెల్లదు." దాని కింద మళ్ళ ఎర్ర పెన్ను, "కూత విన్న." దాని కింద నీలి ఇంకు, "నేనూ విన్న." అక్కడికి పేజీ అయిపోయింది, లేకుంటే ఇంకెంత దూరం పోతుండెనో. బయట పంతులుగారు ఇంకా పోలే, నేను లోపల కూసోని పకపక నవ్వుతున్న, ఆంటీ తలుపు దగ్గరికేసింది.

*

పొద్దుగాల్నే చెరువుల కాడికి పోయి పిట్టలు చూసేటోళ్ళం మేం, కాని మాది క్లబ్బు కాదు. పేరు లేదు, రసీదు బుక్కు లేదు, ప్రెసిడెంటు సెక్రెటరీ ఎవ్వరు లేరు. సార్ మా కాలేజీల జువాలజీ చెప్పేటోడు, మా ఇంటి వెనక గల్లీలనే ఇల్లు. రైల్వే అన్న కాజీపేటల గూడ్స్ డ్రైవర్, నైట్ డ్యూటీ దిగి లైన్ బాక్స్ తోనే డైరెక్టుగ చెరువు కట్ట మీదికి వస్తుండె, కండ్లు ఎర్రగ ఉంటుండె కాని పిట్ట లేస్తే అందరికంటె ముందు ఆయనకే కనపడేది. బ్యాంకు సార్ ఉండె, ఆయనకు ప్రతిదీ టేబుల్ గీసి పాయింట్లు వెయ్యాలె. డాక్టర్ సాబ్ ఉండె, పెద్ద మనిషి, అమెరికాల ఉన్న బామ్మర్ది తెచ్చిన కొత్త బైనాక్యులర్ ఆయనది, దాన్ని ఎవ్వరికి ఇయ్యడు. ఇగ నేను. నా రాత మంచిగుంటదని సార్ నన్ను రాయడానికి పెట్టుకున్నడు. మా అమ్మకు అస్సలు నచ్చేది కాదు, ఆడపిల్లకు పొద్దుగాల్నే మొగోళ్ళతోని చెరువు కట్టల మీద ఏం పని అని లొల్లి పెట్టేది, సార్ ఇంటికొచ్చి కూసోని చాయ్ తాగి "నా బిడ్డ అసొంటిదేనమ్మా" అని ఒప్పించిండు.

ఫోన్లు ఎక్కడియి అప్పుడు. సార్ ఇంట్ల ఒక ల్యాండ్‌లైన్, శనివారం మాపటికి అది మోగిందంటే రైల్వే అన్న డ్యూటీ చార్ట్ దొరికినట్టు. ఆయన రాంది సార్ బయటికెళ్ళడు. ఇద్దరికి పడదు, ఇద్దరు లేంది నడవదు.

సార్ రూల్ ఒకటే. అనుమానం పిట్ట కనపడితే పుస్తకం సంచిల నుంచి తియ్యొద్దు. ఎవరికి వాళ్ళు పక్కకు మర్లి నిలబడి, ఏం చూసిండ్రో రాసుకోవాలె. ఒకరితోని ఒకరు మాట్లాడొద్దు. అందరు రాసినంకనే నోరు తెరవాలె, ఆ తర్వాతనే పుస్తకం. ఎందుకంటే బొమ్మ చూసినంక ఎవ్వరైనా ఆ బొమ్మనే చూసిన అంటరు. "ముందు పిట్టను చూడుండ్రి, పేరు ఎక్కడికి పోదు" అనేటోడు. వడ్డేపల్లి కట్ట మీద పొద్దున వాకింగ్‌కు వచ్చే పెద్దమనుషులు మమ్మల్ని చూసి, గీళ్ళేంది ఒక్కొక్కడు ఒక్కో దిక్కు మర్లి చిట్టీలు రాస్తున్నరు, పరీక్షనా అని ఆగి చూసేటోళ్ళు.

*

అన్నిట్ల పెద్ద లొల్లి స్నైప్‌ల మీద, తడి మడుల్ల దిగే పొడుగు ముక్కు పిట్టలు అవి.

వానాకాలం కోతలు అయిపోయి, యాసంగి నాట్లు ఇంకా పడక, మడుల్ల కొయ్యకాళ్ళ నడుమ తడి మిగిలి ఉండే రోజులు. ధర్మసాగర్ దిక్కు పోయేటోళ్ళం. స్నైప్ అనేది కాలి కింద నుంచి లేచేదాక ఉన్నట్టే తెల్వదు, బురద రంగు, గడ్డి రంగు. లేచిందంటే వంకర టింకరగ కొట్టుకుంట పోతది, మనకు దొరికేది రెండు మూడు సెకన్లు. ఆ రెండు సెకన్లల్ల రెక్క వెనక అంచు చూడాలె. కామన్ స్నైప్‌కైతే ఆ అంచున తెల్ల గీత సాఫ్‌గ కనపడ్తది. పిన్‌టెయిల్ అనే ఇంకో రకం స్నైప్‌కు అది ఉండీ లేనట్టు. రెక్క కింది భాగంల కామన్‌కు తెల్ల పట్టీలు ఉంటయి, పిన్‌టెయిల్‌కు అంతా దగ్గరదగ్గర నల్ల అడ్డగీతలే. పోయేటప్పుడు పిన్‌టెయిల్ వేళ్ళు తోక దాటి ఇంకొంచెం బయటికొస్తయి అంటరు, కాని ఎగిరిపోయే పిట్ట కాలివేళ్ళు కొలిచెడిది ఎవడు?

రైల్వే అన్న చెవి మనిషి. లేచేటప్పుడు అది అరిచిన అరుపుతోని చెప్పేటోడు. కామన్ అరుపు గరుకుగ, గీరినట్టు ఉంటదని, పిన్‌టెయిల్‌ది ముక్కుతోని అన్నట్టు, పొట్టిగ ఉంటదని. సార్‌కు అది సరిపోదు. ఒకనాడు అందరం తెల్ల గీత లేదని రాసినం, అన్న కూత చెప్పిండు, బ్యాంకు సార్ టేబుల్ల పాయింట్లన్ని పిన్‌టెయిల్‌కే పడ్డయి, ఇంకేముంది రాయి బిడ్డా అన్నరు అందరు. సార్ ఒక్కడే అడ్డం తిరిగిండు.

"స్విన్‌హోస్ కాదని ఎట్ల చెప్తవ్?"

స్విన్‌హోస్ స్నైప్ కూడ చలికాలం మన దేశానికి వచ్చేదే, ఎగిరేటప్పుడు పిన్‌టెయిల్‌కు దానికి తేడా పట్టుడు చానా కష్టం. నమ్మకంగ చెప్పాలంటే తోక విప్పినప్పుడు ఈకలు చూడాలె. కామన్ స్నైప్‌కు తోకల మామూలుగ 14 ఈకలు, పిన్‌టెయిల్‌కు 26 దాక, అండ్ల పక్క ఈకలు గుండుపిన్ను అంత సన్నగ ఉంటయి, పేరే దానికెల్లి వచ్చింది. స్విన్‌హోస్‌కు 20 దగ్గర, పక్కవి సన్నగనే ఉంటయి కాని అంత సన్నగ కావు. పిట్ట ఒళ్ళు దులుపుకుంటప్పుడో, రెక్కలు చాపి తోక విసనకర్రలెక్క విప్పినప్పుడో కనపడాలె, కండ్లు కాయలు కాయాలె.

రైల్వే అన్నకు మండింది. "సారూ, మన దిక్కు మామూలుగ వచ్చేది పిన్‌టెయిలే. స్విన్‌హోస్ ఎక్కడనో ఒకటి."

"మామూలుగ వచ్చేదే రాసేదుంటే ఇగ ఈ బురదలకు ఎందుకు వచ్చుడు, ఇంట్ల కూసోనే రాయొచ్చు కద."

ఈ మాట మీద ఇద్దరు గంట సేపు కొట్లాడిండ్రు, మడి నడుమ, మోకాళ్ళ దాక బురద. ఇప్పుడు ఆలోచిస్తే ఇద్దరిదీ కరెక్టే అనిపిస్తది. ఏ ఊర్ల ఏ నెలల ఏది వస్తదో తెలువకుంట పిట్ట పేరు పెట్టలేం, కాని దాని మీదనే ఆనుకుంటే కొత్తది వచ్చిననాడు కండ్ల ముందటున్నా కనపడదు. ఆ రోజు బ్యాంకు సార్ ఓటింగ్ పెడదాం అన్నడు. సార్ ఆయన దిక్కు చూసిన చూపు నాకు ఇప్పటికీ యాదికుంది. "పిట్టకు ఓట్లు వేస్తరా?"

అప్పుడే మడి ఆసామి వచ్చిండు. ఐదుగురం వంగి బురదల చూసుకుంట తిరిగేసరికి, "ఏమన్న పోయిందా సారూ, ఉంగరం గిట్ల?" అన్నడు పాపం. మేం విషయం చెప్పినం. ఆయన విని, గీ తోక ఈకల కోసం నా ఒరాలన్ని తొక్కి ఖరాబ్ చేసిండ్రా అని తిట్టి, తర్వాత ఆయనే, పొద్దుగూకే యాళ్ళకు గా మూల మడిల దిగుతయి, అక్కడ కదలకుంట కూసుంటే దులుపుకుంటప్పుడు చూడొచ్చని చెప్పిండు. పోయి కూసున్నం. దోమలు మమ్మల్ని తిన్నయి. తోక మాత్రం ఒక్కటి విప్పలే. నోట్‌బుక్కుల "పిన్‌టెయిల్ లేదా స్విన్‌హోస్" అని రాయించిండు సార్, పక్కన ఎర్ర పెన్ను, "పిన్‌టెయిలే."

*

సార్ దగ్గర బొంబాయి నేచురల్ హిస్టరీ సొసైటీ జర్నల్ జిరాక్స్‌లు ఉండె. పిట్టల శాస్త్రవేత్త సలీం అలీ 1931-32ల నిజాం సంస్థానం మొత్తం తిరిగి పిట్టల సర్వే చేసిండు, ఆ రిపోర్టు అండ్ల వచ్చింది, హ్యూ విస్లర్ అనే దొర దానికి నోట్స్ రాసిండు. వాదన బిగిసిందంటే సార్ ఆ జిరాక్స్ బయటికి తీసేది. ఇగో మన దిక్కే తిరిగి రాసిండు ఆయన, అండ్ల ఉంది చూడు అనేటోడు.

రైల్వే అన్న ఒక్కసారి దానికి చెప్పిన జవాబు నాకు మస్తు నచ్చింది. "సారూ, ఆయన పిట్టను తుపాకితోని దించి, చేతిల పట్టుకొని, రెక్క విప్పి, స్కేలు పెట్టి చూసిండు. మనం గీ ఒడ్డుకు నిలబడి గా ఒడ్డుకున్న దాన్ని చూస్తున్నం. ఆయనకు తెలిసినంత మనకు తెల్వాల్నంటే ఎట్ల?" నిజమే, అప్పటి సర్వేలన్నీ అట్లనే నడిచినయి, చర్మాలు తీసి భద్రం చేసేటోళ్ళు, మ్యూజియంలల్ల ఇప్పటికీ ఉన్నయి. పుస్తకాలల్ల ఉండే తేడాలు సగం చేతిల ఉన్న పిట్టకు పనికొచ్చేవే. సార్ ఏం మాట్లాడలే, జిరాక్స్ మడతపెట్టి జేబుల పెట్టుకున్నడు. పది నిమిషాలు అయినంక "స్కేలు పెట్టకున్నా, ఆయన రాసుకున్న తీరన్న నేర్చుకోవచ్చు కద" అన్నడు. ఓడిపోవుడు అనేది సార్ డిక్షనరీల లేదు.

*

చెరువుల జమ్ము ఉన్నకాడ వార్బ్లర్ల గొడవ. అక్టోబర్ వచ్చిందంటే ఉత్తరాది దేశాల నుంచి దిగుతయి, అన్నీ మట్టిరంగే, అన్నీ పిడికిలంత, ఒక్క సెకను బయట కనపడి మళ్ళ లోపలికి. బ్లిత్స్ రీడ్ వార్బ్లరా, పాడీఫీల్డ్ వార్బ్లరా? పాడీఫీల్డ్‌కు కంటి పైన తెల్ల కనుబొమ్మ కన్ను దాటి వెనకకు పోయి ఇంకింత వెడల్పు అయితది, దాని పైన నల్ల గీత కూడ కనపడ్తది, ముక్కు పొట్టి. బ్లిత్స్‌కు కనుబొమ్మ కంటి కాడికి వచ్చి మాసిపోతది, ముక్కు పొడుగు, మొత్తం సాదాగ ఉంటది. ఇవి చెప్పుకుంటె సుల్వే, కాని జమ్ముల గాలికి ఊగే పుల్ల మీద ఉన్న పిట్ట కనుబొమ్మ చూసుడు ఎంత కష్టమో చూసినోళ్ళకే ఎరుక.

చౌరస్తా దగ్గర ఒక చాయ్ హోటల్ల కూసునేటోళ్ళం తిరిగొచ్చేటప్పుడు. అక్కడ వాదన ఇంకో రౌండు. రైల్వే అన్న బ్లిత్స్ కూత తీసి చూపెట్టేటోడు, "చక్... చక్... చక్", గట్టిగ, నాలుకతోని. రెండోసారి అనంగనే హోటల్ పిలగాడు చక్కెర డబ్బా తెచ్చి ముందట పెట్టిండు. అప్పటి నుంచి మేం పోతే అడగకుంటనే చక్కెర డబ్బా వచ్చేది.

రాత్రిపూట పిట్టలకైతే కండ్ల గొడవే లేదు, చెవులదే. పాకాల అడవిల బాట పొంటి నడుస్తుంటే నైట్‌జార్లు. బండ మీద గోలీ పడేస్తే ఎగిరెగిరి ఆగినట్టు టక్ టక్ టక్ టకటకట అని వస్తే ఇండియన్ నైట్‌జార్. మిగిలిన వాటి మీద సార్, అన్న చీకట్లనే నిలబడి గుసగుసగ కొట్లాడేటోళ్ళు, గుసగుసలు పెద్దగయి పిట్టలు ఆపేసేటివి.

*

ఇగ గద్ద కథ చెప్పకపోతే అయితదా.

పాకాల చెరువు, కాకతీయుల కాలం కట్ట. చలికాలం. నర్సంపేట దాక ఆర్టీసీ బస్సు, అక్కడి నుంచి ఇంకో బస్సు. ఆ రోజు రైల్వే అన్న డ్యూటీల ఉండె, రాలే. అవతలి ఒడ్డుకు ఆకు రాలిన మద్ది చెట్టు మీద పెద్ద గద్ద ఒకటి కూసుంది, ముదురు గోధుమ రంగు, మస్తు పెద్దది. ఎండ మా కండ్లల్ల పడుతున్నది. రూల్ ప్రకారం అందరం మర్లి రాసుకున్నం. నోరు తెరిచేసరికి మూడు పేర్లు. డాక్టర్ సాబ్ గ్రేటర్ స్పాటెడ్ అన్నడు. సార్ లెస్సర్ స్పాటెడ్ అన్నడు. బ్యాంకు సార్ స్టెపీ అన్నడు.

పెద్ద గోధుమ గద్దలంటే పిట్టలు చూసేటోళ్ళకు తలనొప్పి, ఒక్కో వయసుకు ఒక్కో ఈక రంగు, పిల్లది ఒక తీరు, నడుమది ఒక తీరు. నోటి చీలిక కంటి దాక ఎంత దూరం పోయిందనేది చూడాలె. స్టెపీకి, మన దిక్కు లెస్సర్‌కు కంటి వెనక అంచు దాక పోతది, గ్రేటర్‌కు కంటి నడుమ దాక. సార్ చీలిక కంటి వెనక దాక ఉందన్నడు. డాక్టర్ సాబ్ మొత్తం చాయ ముదురుగ ఉందన్నడు, ముక్కు రంధ్రం గుండ్రంగ ఉందన్నడు.

"అంత దూరంల ముక్కు రంధ్రం కనపడ్డదా సాబ్?"

"నా బైనాక్యులర్ల కనపడ్డది."

"అద్దాలు మంచివే, కాదన్న."

ఆ "కాదన్న" తర్వాత సార్ ఆగిన తీరుకు డాక్టర్ సాబ్ ముఖం ఎర్రగయింది. గద్ద లేచింది అప్పుడే, రెక్క కింద మణికట్టు కాడ తెల్ల వంక ఒక్కటుందా రెండున్నయా చూడాలె, ఒక్కటైతే గ్రేటర్ దిక్కు మొగ్గు, రెండైతే లెస్సర్ దిక్కు. సార్ రెండన్నడు, డాక్టర్ ఒక్కటన్నడు, బ్యాంకు సార్ అసలు వంకనే లేదన్నడు. డాక్టర్ సాబ్ కెమెరాతోని తీసిన ఫొటో రీల్ కడిగిస్తే వచ్చింది, ఆకాశం మస్తుగ వచ్చింది, నడుమ ఒక నల్ల మరక. దాన్నే బొంబాయిల తెలిసిన ఒక పెద్దాయనకు పోస్టు చేసినం. ఫొటోతోని ఏం చెప్పలేను, మీరు రాసిన వివరాలు ఒకదానితోని ఒకటి కలుస్తలేవు అని కార్డు రాసిండు. న్యాయమే కద.

డాక్టర్ సాబ్ ఆ చలికాలం మొత్తం మా దిక్కు రాలే. సార్ కూడ అడగలే. ఎండాకాలం మొదట్ల ఒకనాడు సార్ ఇంట్ల ల్యాండ్‌లైన్ మోగింది, డాక్టర్ సాబ్. క్వార్టర్స్ ముందట వేప చెట్టుల షిక్రా ఒకటి కూసుంది, కాని అరుపు వేరే తీరు ఉంది, జర వచ్చి చూస్తరా సార్ అని. సార్ స్కూటర్ తీసిండు, వెనక నేను. పోయి చూస్తే హాక్ కుకూ, కోయిల జాతి పిట్ట. అది దూరం నుంచి షిక్రా డేగ తీరుగనే ఉంటది, రంగు, అడ్డగీతలు అన్నీ, చిన్న పిట్టలే మోసపోయి వెంటపడి తరుముతయి. కాని ముక్కు డేగ ముక్కు కాదు, కొక్కెం లేదు. ఎండాకాలం పొద్దుమాపు గొంతు పెంచుకుంట పెంచుకుంట అరిచేది అదే, ఇంగ్లీషోళ్ళు బ్రెయిన్ ఫీవర్ బర్డ్ అని పేరు పెట్టింది దాని అరుపుకే. డాక్టర్ సాబ్‌కు అది తెల్వదంటే నేను నమ్మ. సార్ నమ్మినట్టు నటించి పది నిమిషాలు తేడాలన్ని చెప్పిండు, ఆయన బుద్ధిగ తలూపిండు, లోపల మేడం ఉప్మా చేసింది. మళ్ళ ఆదివారం కట్ట మీదికి వచ్చిండు. బైనాక్యులర్ మాత్రం అప్పుడు కూడ ఎవ్వరికి ఇయ్యలే.

ఆ గద్ద పేజీ మొన్న పెట్టెల దొరికింది. మార్జిన్ల పెన్సిల్‌తోని, చానా ఏండ్ల తర్వాత రాసినట్టుంది, సార్ చేతి వణుకు తెలుస్తున్నది. మన దేశపు లెస్సర్ స్పాటెడ్ వేరే జాతి అని తర్వాత తేల్చిండ్రు కద, ఇప్పుడు ఇండియన్ స్పాటెడ్ ఈగిల్ అంటున్నరు. సార్ దాన్ని పట్టించుకొని, "లెస్సర్ అన్నకాడ ఇండియన్ అని చదువుకోవలె" అని రాసిండు. దాని కింద ఇంకో లైన్: "ముక్కు రంధ్రం రెండు స్పాటెడ్‌లకూ గుండ్రమే. స్టెపీకే కోలగ ఉంటది. డాక్టర్ గారు చూసింది నిజమైతే ఓడేది బ్యాంకు సార్, నేను కాదు." ఎప్పుడు కూసోని రాసిండో ఇది, ఎవరు చదువుతరని రాసిండో!

*

అన్ని పేజీలు తిరగేస్తుంటే ఒకటి కండ్లల్ల పడ్డది. రాబందుల మీద మార్జిన్ల ఒక్క ఎర్ర గీత లేదు.

మొదటి నోట్‌బుక్కులల్ల ఉన్నయి. ఊరి బయట పశువుల కళేబరాలు పడేసేకాడ, "రాబందులు, చానా" అని. అంతే, ఒక్క ముక్క. రైల్వే అన్న బల్లార్షా లైన్ల పోయేటప్పుడు సిర్పూర్ కాగజ్‌నగర్ దిక్కు పట్టాల పక్కన చచ్చిన బర్రె చుట్టు మూగినయి చూసిన అని వచ్చి చెప్పేది, అదీ అట్లనే రాసిన, "రాబందులు." ఏ రాబందు? తెల్ల నడుముదా, పొడుగు ముక్కుదా? వంగి తిరిగినప్పుడు నడుము మీద తెలుపు ఉందా లేదా చూస్తే అయిపోయేది, స్నైప్ రెక్క అంచు చూసినోళ్ళకు ఇదొక లెక్కనా. కాని ఎవ్వలు చూడలే. రోజు కనపడేటియి, కంపు కొట్టే కాడ ఉండేటియి, వాటి కోసం పక్కకు మర్లి చిట్టీ ఎవరు రాస్తరు?

90ల నడుమ నుంచి నోట్‌బుక్కులల్ల ఆ ముక్క కూడ లేదు. పోయిన సంగతి కూడ ఎక్కడ రాసుకోలే, రాకపోవుడు కనపడదు కద. తర్వాత తెలిసింది, పశువులకు నొప్పులకు ఇచ్చే డైక్లోఫెనాక్ మందు, ఆ కళేబరం తింటే రాబందుల కిడ్నీలు పాడయి చచ్చిపోతయని. 2006ల పశువులకు ఆ మందు బంద్ పెట్టిండ్రు, అప్పటికే దేశంల తెల్ల నడుము రాబందులు వందల తొంభై తొమ్మిది పైన పోయినయి. మన దిక్కు బెజ్జూరు అడవుల పాలరాపు గుట్ట మీద పొడుగు ముక్కు రాబందులు గూళ్ళు పెడుతున్నయని తెలిసినప్పుడు రైల్వే అన్న రిటైరయి ఉండె, మోకాళ్ళ నొప్పులతోనే పోయి చూసొచ్చిండు. ఫోన్ల నాకు అరగంట చెప్పిండు, ముక్కు పాలిపోయిన రంగు, మెడ, ఒంటి చాయ, అన్నీ. నేను ఒక్కటే అడిగిన, అన్నా, మనం అప్పట్ల చూసినయి ఏవి? సిర్పూర్ కాడియి ఇవే అయ్యుంటయి అన్నడు. సార్ ఉంటే ఊకుంటుండెనా, అయ్యుంటయి అనే మాటకు!

*

ఇప్పుడు వడ్డేపల్లి కట్ట మీద వాకింగ్ ట్రాక్, లైట్లు, సాయంత్రం మస్తు జనం. ధర్మసాగర్ దిక్కు స్నైప్‌లు లేచిన మడుల్ల కొన్ని ప్లాట్లు అయినయి. కట్ట మీద ఈ మధ్య ఇద్దరు పిల్లలు కనపడ్డరు, పెద్ద కెమెరాలు, ఫోన్ల మెర్లిన్ యాప్, పిట్ట కూస్తే పేరు అదే పడుతది. యాప్‌ను తిట్టుడు నాకు రాదు, చానా సార్లు కరెక్టే చెప్తది, మా రైల్వే అన్న చెవికి ఏం తీసిపోదు. కాకపోతే ఎందుకు అని అడిగితే పలకదు, సంతకం పెట్టదు. ఆ పిల్లలను నేను అడిగిన, అది పాడీఫీల్డ్ పిపిట్ అని ఎట్ల చెప్తున్నరు, రిచర్డ్స్ ఎందుకు కాదు అని. ఒక పిల్ల నా దిక్కు గుర్రుగ చూసి, ఆంటీ, రిచర్డ్స్ ఐతే ఇంకా పెద్దగ, నిటారుగ నిలబడ్తది, లేచేటప్పుడు అరుపు గరుకుగ ఉంటది అన్నది. మంచిగనే చెప్పింది. నెంబర్ తీసుకున్న.

నోట్‌బుక్కులు ఇప్పుడు రైల్వే అన్న ఇంట్ల ఉన్నయి. పిట్టల లెక్కలు పెట్టే ఈబర్డ్ వెబ్‌సైట్ల పాత లిస్టులు కూడ ఎక్కియ్యొచ్చు కద, ఆదివారం ఆదివారం పోయి ఇద్దరం కూసోని ఎక్కిస్తున్నం, అన్న కండ్లద్దాలు పెట్టుకొని చదువుడు, నేను టైప్ చేసుడు. మెల్లగ నడుస్తది, ఎందుకంటే పేజీకో పంచాయితీ. స్నైప్ కాడ ఆగినం, "పిన్‌టెయిల్ లేదా స్విన్‌హోస్" అనేది అండ్ల ఆప్షన్ ఉన్నది, నేను అదే పెడుత అన్న, అన్న తన సంతకం చూపెట్టి పిన్‌టెయిల్ అని పెట్టమన్నడు. పెట్టలే. రాబందులు "జిప్స్, జాతి తెల్వదు" అని పెట్టినం, జిప్స్ అంటే ఆ రాబందుల కుదురు పేరు, దానికి మాత్రం అన్న ఏం అనలే.

పోయిన వారం గద్ద పేజీ వచ్చింది. ముగ్గురు మూడు పేర్లు చెప్పిన దాన్ని ఏమని ఎక్కియ్యాలె? అన్న "డాక్టర్ సాబ్‌ను అడుగు" అన్నడు. ఆయన రిటైరయి కొడుకు దగ్గర బెంగళూరుల ఉంటున్నడు, చెవులు సరిగ వినపడ్తలేవు. ఫోన్ చేసి, సార్ నోట్‌బుక్కులు ఎక్కిస్తున్నం సాబ్, పాకాల గద్ద వచ్చింది అన్న.

"గ్రేటర్ స్పాటెడ్ అని పెట్టు బిడ్డా."

"సార్ పెన్సిల్‌తోని ఇంకోటి రాసిండు సాబ్..."

"ఏమని?"

చదివిన. ముక్కు రంధ్రం లైన్ కాడికి వచ్చేసరికి అటు నుంచి పెద్దగ నవ్వు, దగ్గు. ఆ తర్వాత, "సరే, రంధ్రం పక్కన పెట్టు. ఒళ్ళు నలుపు, రెక్క వెడల్పు, తోక పొట్టి. అవి ఎక్కడ పోతయి? రాయి" అన్నడు. రైల్వే అన్న ఆ రోజు పాకాలకు రానే రాలే, గద్దను చూడనే లేదు, అయినా నా చేతిల నుంచి ఫోన్ గుంజుకొని, "సాబ్, ఎండ ఎదురుంగ ఉంటే ఏదైనా నల్లగనే కనపడ్తది, రెక్క వెడల్పు దేనితోని పోల్చి చెప్తున్నవు?" అని మొదలుపెట్టిండు. వదిన రెండుసార్లు అన్నానికి పిలిచింది. లిస్టుల ఆ ఒక్క గడి ఇంకా ఖాళీగనే ఉంది, వచ్చే ఆదివారం బ్యాంకు సార్‌ను కూడ లైన్లకు తీసుకోవాలె అంటున్నడు అన్న.